షెల్ ఎవరితో మాట్లాడాలి

3769673952. ఈ పొద్దు నోట్‌బుక్కులో మొదట రాసుకున్నది ఈ అంకెనే.

తోతాపురి సీజను. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అందులో ఒక ఫ్యాక్టరీ వేబ్రిడ్జి లెక్కలు రోజూ తెల్లారేలోపు ముంబైలో మేం అద్దెకు తీసుకున్న సర్వర్‌కు చేరాలి. రైతుల బిల్లులు తయారయ్యేది అక్కడే. తిరుపతి ఆఫీసుకు నేను వచ్చేసరికే మా కుర్రాడు స్క్రీన్ ముందు కూర్చొని ఉన్నాడు. చిత్తూరు నుంచి తొలి బస్సు పట్టుకొని వచ్చేశాడు పాపం.

"అన్నా, లాగిన్ బాగానే అవతా ఉండాది. ఫైలు మాత్రం పోలేదు. మెసేజ్ మరీ పొడవుగా ఉందని ఏదో పెద్ద నంబర్ చూపిస్తా ఉండాది."

ఆ నంబరే పైన రాసింది. దూరపు సర్వర్‌కు ఫైళ్ళు పంపే పద్ధతి ఎస్‌ఎఫ్‌టీపీ; అందులో వెళ్ళే ప్రతి ప్యాకెట్‌కూ మొదటి 4 బైట్లు దాని పొడవు చెబుతాయి. దూరపు మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి ఎస్‌ఎస్‌హెచ్, దాని సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. 2022లో దాని 9.0 వచ్చినప్పటి నుంచి, ఫైళ్ళు కాపీ చేసే ఎస్‌సీపీ కమాండ్ కూడా మామూలుగా లోపల ఈ దారినే పోతుంది. పొడవు రావాల్సిన చోట ఇంకేదో వస్తే, ఇవతలి ప్రోగ్రాం దాన్నే పొడవనుకుని ఆగిపోతుంది. అంకెను హెక్సాలోకి (16 గుర్తుల లెక్కలోకి) మార్చి చూశాను: ఈ0, బీ0, ఏ8, ఈ0. మొదటి మూడు బైట్లు కలిపితే, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో "న". నాలుగోది ఇంకో తెలుగు అక్షరానికి మొదలు.

"సర్వర్‌లో నమస్కారం గానీ పెట్టినావా?"

"అవునన్నా, నిన్న సాయంత్రం. లాగిన్ అవుతానే తెలుగులో పలకరిస్తే బాగుంటుందని. నీకెట్ట తెలిసింది?"

మనం కొట్టే కమాండ్లను తీసుకుని నడిపే ప్రోగ్రామే షెల్; ఆ సర్వర్‌లో ఉన్న షెల్ పేరు బ్యాష్. అది మొదలయ్యేటప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సి ఫైలులో ఆ నమస్కారాన్ని మొట్టమొదటి లైనుగా పెట్టాడు. తను లాగిన్ అయినప్పుడు చక్కగా కనబడింది. కానీ ఫైలు పంపే ప్రోగ్రాం ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్ళినప్పుడు కూడా ఆ సర్వర్‌లోని బ్యాష్ ఇదే ఫైలు చదువుతుంది. అటువైపు మనిషి ఉన్నాడా, ప్రోగ్రాం ఉందా అన్నది ఆ లైనుకు తెలియదు. అందుకే ఆ సర్వర్ నడిచే లినక్స్ రకం ఉబుంటు ఇచ్చే బ్యాష్‌ఆర్‌సి పైభాగంలోనే ఒక కాపలా ఉంటుంది: షెల్ తన స్థితిని రాసుకునే డాలర్-హైఫన్ వేరియబుల్‌లో 'ఐ' అక్షరం లేకపోతే, అంటే టైప్ చేసే మనిషి లేకపోతే, అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపో అని. వాడి నమస్కారం ఆ కాపలాకు పైన ఉంది. కిందికి దించాం. ఫైలు వెళ్ళింది. తీసేయమని చెప్పలేదు, నాకూ ఆ పలకరింపు నచ్చింది.

పాత్‌కు (కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల జాబితాకు) కొత్త ఫోల్డర్ కలపడంలాంటి చప్పుడు చేయని లైన్లు కాపలాకు పైన ఉండాలి, దూరం నుంచి ఒక్క కమాండ్ నడిపినా అవి కావాలి కాబట్టి. రంగులు, పలకరింపులు, షార్ట్‌కట్లు అన్నీ కింద. వాడికి ఇంకోటి కూడా చెప్పాను. మనం లాగిన్ అయినప్పుడు లేచే లాగిన్ షెల్ అయితే బ్యాష్ మన హోమ్ ఫోల్డర్‌లో మొదట బ్యాష్-ప్రొఫైల్ ఫైలు కోసం వెతుకుతుంది, తర్వాత బ్యాష్-లాగిన్, ఆ తర్వాతే ప్రొఫైల్. ముందు దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. ఏదో ఇన్‌స్టాలర్ వచ్చి కొత్తగా బ్యాష్-ప్రొఫైల్ పెట్టిపోతే, ఉబుంటు ఇచ్చిన ప్రొఫైల్‌ను ఇక ఎవరూ పట్టించుకోరు. అది బ్యాష్‌ఆర్‌సిని పిలిచేది, ఆ పిలుపూ ఆగిపోతుంది. "నా సెట్టింగులన్నీ పోయినాయి" అని జనం టెన్షన్ పడేది చాలాసార్లు ఇందుకే.

మధ్యాహ్నం కరెంట్ పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని, అదీ మధ్యలో రెండుమూడు సార్లు తెగింది. నడుస్తున్న పని పోలేదు, ఎందుకంటే సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్-టీటీవై వేరియబుల్ ఉంటే, అంటే మనిషి దూరం నుంచి లాగిన్ అయితే, కనెక్షన్ తెగినా పనిని నడిపించే టీమక్స్ దానంతటదే మొదలయ్యేలా పెట్టి ఉంచాను. ల్యాప్‌టాప్‌లో ఆ వేరియబుల్ ఉండదు, అక్కడ టీమక్స్ రాదు, అవసరమూ లేదు. ఇప్పటికే టీమక్స్ లోపల ఉన్నామా అని కూడా చూడాలి, లేకపోతే లోపల ఇంకోటి లేస్తుంది. చాలామంది ఇక్కడ, షెల్ స్థానంలోనే టీమక్స్‌ను కూర్చోబెట్టే ఎగ్జెక్ వాడతారు. నేను వాడను. టీమక్స్ పాడైన రోజున ఎగ్జెక్ మనల్ని సర్వర్ బయట నిలబెడుతుంది.

సాయంత్రం వాడి ల్యాప్‌టాప్ చూస్తే నాకు భయం వేసింది. రెండు కిటికీలు పక్కపక్కనే, ఒకటి ల్యాప్‌టాప్, ఒకటి ముంబై. రెండిటిలోనూ అదే యూజర్ పేరు, అదే ఆకుపచ్చ ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట ముందు కనబడే గుర్తు). మెషీన్ పేరు కూడా తీసేశాడు, పొట్టిగా ఉండాలని. ల్యాప్‌టాప్‌లో పాత ఫోల్డర్ తీసేస్తున్నా అనుకుని అవతలి కిటికీలో ఎంటర్ కొడితే పోయేది రైతులు తూకం వేయించుకున్న లెక్క. ఎండలో పొద్దంతా లైన్లో నిలబడి వేయించుకున్న తూకం అది. బయలుదేరే ముందు ఇది సరిచేసే పోవాలని చెప్పాను. ఎస్‌ఎస్‌హెచ్-కనెక్షన్ వేరియబుల్ ఖాళీగా లేకపోతే, అంటే దూరం నుంచి వచ్చి ఉంటే, ప్రాంప్ట్ పసుపు, దాని ముందు మెషీన్ పేరు. ఖాళీ అయితే పాత ఆకుపచ్చే. నాలుగు లైన్ల పని. మార్చేటప్పుడు పాత కనెక్షన్ మూయకుండా, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడమన్నాను. స్టార్టప్ ఫైలులో ఒక్క తప్పు పడితే కొత్త లాగిన్ నిలవకపోవచ్చు, అప్పుడు పట్టుకునేందుకు ఆ పాత కిటికీ ఒక్కటే ఉంటుంది.

వాడు వెంటనే అడిగాడు: "సుడో కొట్టి రూట్‌లోకి పోతే కూడా పసుపే వస్తుందా అన్నా?"

మంచి ప్రశ్న. రాదు. పూర్తి హక్కులున్న రూట్ యూజర్‌గా కమాండ్ నడిపేది సుడో; అది మామూలుగా ఆ వేరియబుల్‌ను లోపలికి రానివ్వదు. కాబట్టి సర్వర్‌లో రూట్ బ్యాష్‌ఆర్‌సిలో షరతు లేకుండానే ఎరుపు పెట్టాలి. వాడికి బస్సు టైమ్ అయింది కాబట్టి దాన్ని నేనే రాసి, లాగిన్ అయి చూసి, పాత కిటికీ మూశాను.