ఈసీజీ నార్మల్ వచ్చాక

మూడు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ఒక ట్రెడ్‌మిల్ టెస్టు. అన్నీ నార్మలే. పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి విపరీతమైన భయం పదేపదే ముంచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో చాలామంది ఫైలు ఇలాగే ఉంటుంది, నాదీ అంతే. దడ, చెమటలు, ఊపిరాడకపోవడం, ప్రాణం పోతుందేమోనన్న భయం ముంచుకొస్తే మొదటిసారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి తీరాల్సిందే. నొప్పి చేతికో దవడకో పాకినా, నడిస్తే ఎక్కువైనా అసలు ఆలస్యం చెయ్యకూడదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు కూడా చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది.

తేడా వచ్చేది రిపోర్టులు బాగున్నాయన్న తరవాతే. "ఏం లేదు, టెన్షన్ పడకండి" అని పంపేస్తారు. ఏం లేకపోతే మళ్లీ ఎందుకొస్తోంది? ఇక గ్యాస్ మాత్రలు, బీ కాంప్లెక్స్ సూదులు, నరాల బలహీనతేమోనని ఇంకో డాక్టరు, పెద్దవాళ్ల మాట కాదనలేక తాయెత్తు. నాకు ఏడు నెలలు ఇలాగే పోయాయి. ఊళ్లో 'పిచ్చి డాక్టరు' అనే మాట లేకపోయుంటే ఆ ఏడు నెలలూ మిగిలేవి.

సైకియాట్రీ ఓపీ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఉంటుంది, చాలా జిల్లా ఆసుపత్రుల్లోనూ ఉంటుంది. ఎర్రగడ్డకో, విశాఖ మానసిక ఆసుపత్రికో వెళ్తే చేర్చేసుకుంటారన్న భయం ఉత్తదే. అక్కడా చాలామంది ఓపీలో చూపించుకుని ఇంటికొచ్చేవాళ్లే. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ ఉంది, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్. 14416కి చేసి తెలుగు ఎంచుకుంటే కౌన్సెలర్ మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రిళ్లు కూడా పలుకుతుంది.

ఓపీలో సమయం తక్కువ. ఒక కాగితం రాసుకెళ్లాలి: ఎప్పుడు మొదలైంది, వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంతసేపు, నిద్ర, కాఫీలెన్ని, తాగుడు అలవాటుందా, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలేంటి. అన్నిటికన్నా ముఖ్యం, భయంతో ఏమేం మానేశారు: బస్సా, లిఫ్టా, ఒంటరిగా ఉండటమా? చచ్చిపోవాలనిపిస్తే అదీ దాచకూడదు. ఇంటివాళ్లు పక్కనుంటే జవాబులు వాళ్లే చెప్పేస్తారు. "ఐదు నిమిషాలు నేనొక్కణ్నే మాట్లాడతాను సార్" అని అడగొచ్చు.

నాకు రాసింది ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్‌కీ, ఇలాంటి భయాలకీ ఇచ్చే మాత్ర), మొదటి వారం రోజుకు 5 మిల్లీగ్రాములు, తరవాత 10. ఇది వేసుకోగానే పని చెయ్యదు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కాళ్లు నిలవని కంగారు పెరగొచ్చు. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఆ కంగారు గడిచేదాకా క్లోనజిపామ్ అనే నెమ్మదింపజేసే మాత్ర 0.25 మిల్లీగ్రాములు ఇచ్చి మూడు వారాల్లో తగ్గించేశారు. అది అలవాటు పడే మందు, పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటూ పోకూడదు. ఇంకొందరు రెండో నెలలో "తగ్గిందిగా" అని ఎస్సిటలోప్రామ్ ఒక్కసారిగా ఆపేస్తారు. తల తిరుగుడు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం మొదలై, జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. బాగయ్యాక కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడించి, మెల్లగా దించుతారు.

మాత్ర దడను తగ్గించింది, బస్సు మాత్రం ఎక్కించలేదు. దానికి మందులతో కాక మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలి. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నాకు పన్నెండు సెషన్లు పట్టాయి, వారానికొకటి. భయంతో ఎక్కువగా ఊపిరి పీల్చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, వేళ్లకూ పెదాలకూ తిమ్మిరి అందుకే. ఇది అర్థమయ్యాక, ఆ లక్షణాలను కావాలనే రప్పించారు: సన్నటి స్ట్రాతో నిమిషం ఊపిరి, కుర్చీలో గిరగిరా తిరగడం, మెట్లు పరుగెత్తడం. (గుండె బాగుందని తేలాకే ఇవన్నీ.) దడ వస్తుంది, పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది. దిగేదాకా ఉండటమే పాఠం. జేబులో మాత్ర, చేతిలో నీళ్ల సీసా, ఫోనులో అన్నయ్య నంబరు చూసుకోవడం, ఇవి చేస్తే ఆ పాఠం ఎక్కదు. వాటివల్లే బతికాననుకుంటాం కాబట్టి. సీసా వదలడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

మాత్రలు పూర్తిగా ఆపిన మూడో నెలలో, బస్సులో నిలబడి ఉండగా మళ్లీ ఒకసారి వచ్చింది. దిగలేదు. రెండు స్టాపులు పట్టింది.