గాలి బయటికి పోవట్లేదు, మరి ఎక్కడికి పోతోంది?

మూడు వారాలుగా నా కారు నన్ను తిప్పలు పెట్టింది. 1.8 లీటర్ టర్బో పెట్రోల్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి తోసేదే టర్బో), సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కంపెనీ పేరు వదిలేయండి, తప్పు కంపెనీది కాదు, వయసుది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ నందిగామ దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే బండి లాగలేదు. అస్సలు లాగలేదని కాదు, మామూలు పెట్రోల్ బండిలా నింపాదిగా వెళ్తోంది. లారీ పక్కన సగం దూరం వచ్చాక ఎదురుగా బస్సు కనబడితే ఎలా ఉంటుందో రోడ్డు మీద తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. మళ్లీ వెనక్కి తగ్గి లారీ వెనకే కోదాడ దాకా వెళ్లాను. కోదాడలో చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్ చదివే చిన్న పరికరం) పెట్టి చూస్తే పీ0299, అంటే బూస్ట్, అదే టర్బో తోసే గాలి అదనపు ఒత్తిడి, ఉండాల్సినంత లేదు.

ఇంకో సంగతి ఆ రోజే గమనించాల్సింది, గమనించలేదు. తొక్కి కాలు తీసినప్పుడు ఇంతకుముందు సన్నగా 'ష్ష్' అని వినబడేది. ఇప్పుడు పావురం గొంతులో కూసినట్టు 'గుర్ర్‌ గుర్ర్‌' అంటోంది. కాలు తీయగానే ఇంజన్‌లోకి గాలి వెళ్లే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది, టర్బో తోసిన గాలికి ముందుకు దారి ఉండదు. ఆ గాలిని పక్కకి వదలడానికే బ్లో ఆఫ్ వాల్వ్ ఉంది. అది సరిగ్గా తెరుచుకోకపోతే గాలి వెనక్కి తిరిగి టర్బోలో గాలిని తోసే కంప్రెసర్ రెక్కల మీద పడుతుంది. ఆ చప్పుడే ఇది. యూట్యూబ్ వీడియోల్లో కుర్రాళ్లు ఇదే చప్పుడు కోసం డబ్బులు ఖర్చు పెడతారనుకోండి, అది వేరే కథ.

ఆటోనగర్‌లో ఒక మెకానిక్‌కి చూపించాను. బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేయించి, "టర్బో పోయిందండి, మార్చాల్సిందే, లక్ష దాటుద్ది" అన్నాడు ఆయన. టర్బో షాఫ్ట్ (ఇరుసు) అరిగి ఆడుతోందేమో ఊపి చూశారా అంటే, "అవన్నీ ఎందుకండీ, మాకు చప్పుడు చాలు" అన్నాడు. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

ఇంట్లో కూర్చుని రీడింగులు చూశాను. నాలుగో గేర్‌లో 2500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అడుగుతున్న మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే థ్రాటిల్ దాటాక ఇంజన్‌లోకి వెళ్లే గొట్టాల్లోని గాలి ఒత్తిడి, 175 కేపీఏ (కిలోపాస్కల్), వస్తున్నది 140. బయటి గాలి ఒత్తిడి 100 చుట్టూ ఉంటుంది, దాన్ని తీసేస్తే అడిగిన బూస్ట్ 75, వచ్చింది 40. దాదాపు సగం ఎగిరిపోయింది. వేస్ట్‌గేట్ (టర్బోని తిప్పే పొగని పక్కకి వదిలి దాని వేగం తగ్గించే తలుపు) డ్యూటీ, అంటే ఆ తలుపుని మూసి ఉంచమని ఇచ్చే ఆజ్ఞ, చూస్తే దాదాపు పూర్తిగా ఉంది, అంటే పాపం టర్బోని ఇంకా ఇంకా తిరగమని ఈసీయూ తరుముతూనే ఉంది. ఎక్కడో కారుతోందని నమ్మకం కుదిరింది. ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన గాలిని చల్లార్చేది) హోస్‌లు ఊడటమో చిరగటమో అయి ఉంటుందనుకున్నా. కానీ ఒక్కటి అతకలేదు. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని పెంచి తగ్గించి చేసే సర్దుబాటు, మామూలుగా ఉంది.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నేను వారం పోగొట్టుకున్నది ఇక్కడే. మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో లోపలికి వచ్చిన గాలిని ముందే కొలిచి దానికి తగ్గ పెట్రోల్ కొడతారు. కొలిచిన గాలి దారిలో హోస్ చిరుగులోంచి బయటికి పోతే, లేని గాలికి పెట్రోల్ పడినట్టే. మిశ్రమం చిక్కబడుతుంది, ట్రిమ్ మైనస్‌లోకి దిగుతుంది. నాకు కొద్దిపాటి బూస్ట్‌లో కూడా సున్నా అటూ ఇటూ ఉంది. అంటే గాలి కారుతోంది, కానీ బయటికి పోవట్లేదు.

అయినా వినకుండా ప్రెషర్ టెస్ట్ చేశాను. పీవీసీ ఎండ్ క్యాప్‌కి చిల్లు పెట్టి, పంక్చర్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబ్‌లెస్ వాల్వ్ బిగించి, టర్బో లోపలికి వెళ్లే గొట్టానికి క్లిప్పు వేసి, గాలి కొట్టే కంప్రెసర్ మిషన్‌తో గాలి పెట్టడం. 10 పీఎస్‌ఐ (దాదాపు 70 కేపీఏ) దాటించలేదు, బండి బూస్ట్ కన్నా ఎక్కువ పెట్టడం అనవసరం. బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి వచ్చే దారి) తీసి రెండు వైపులా మూశాను, లేకపోతే ఆ ఒత్తిడి ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి వెళ్లి ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. సబ్బు నీళ్లు ప్రతి జాయింటు మీదా కొట్టాను. ఒక్క బుడగ లేదు! మధ్యాహ్నం ఎండలో చొక్కా తడిసి ముద్దయ్యింది, ఫలితం శూన్యం. ఆటోనగర్ ఆయన చెప్పిందే నిజమేమో అని టెన్షన్ కూడా వచ్చింది.

రాత్రి పడుకున్నాక తట్టింది. కంపెనీ నుంచి వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి ఈ బ్లో ఆఫ్ వాల్వ్ గాలిని వాతావరణంలోకి వదలదు, ఇంకో గొట్టం గుండా తిరిగి టర్బో నోట్లోకే పంపుతుంది. నేను గాలి పెట్టింది ఆ నోటి దగ్గరే కదా! వాల్వ్‌కి ఇటూ 10 పీఎస్‌ఐ, అటూ 10 పీఎస్‌ఐ. వాల్వ్ నోరు వెళ్లబెట్టుకుని ఉన్నా టెస్ట్‌లో తెలియదు. రోడ్డు మీద మాత్రం టర్బో తోసిన గాలి వాల్వ్‌లోంచి మళ్లీ టర్బోకే, బావి గిలకలా తిరుగుతూ ఉంటుంది. మాఫ్ దాటిన గాలి ఎక్కడికీ పోలేదు కాబట్టి ట్రిమ్ మామూలుగానే ఉంది.

మర్నాడు వాల్వ్ నుంచి తిరిగి వచ్చే ఆ గొట్టం ఊడదీసి, టర్బో వైపు చివర గట్టిగా మూసేశాను. వాల్వ్ వైపు మూతికి మా పాప పుట్టినరోజుకి మిగిలిన బెలూన్ తొడిగాను. గాలి పెట్టగానే బెలూన్ ఉబ్బింది. ఎగిరి గంతేయబోయి ఆగాను. వాల్వ్ పైన చిన్న మూతికి మ్యానిఫోల్డ్ నుంచి సన్న గొట్టం వస్తుంది. బూస్ట్‌లో ఆ ఒత్తిడే స్ప్రింగుకి తోడై వాల్వ్‌ని కిందికి నొక్కి పెడుతుంది. ఇంజన్ ఆపి, థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పైకి ఒత్తిడి సరిగ్గా వెళ్లదు, స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మంచి వాల్వ్ కూడా లేవొచ్చు. ఇంతటితో వాల్వ్ పోయిందని తీర్పు చెప్పేసి కొత్తది కొన్నవాళ్లు ఎంతమంది ఉంటారో! ఒక టీ జాయింటు వేసి పై మూతికి కూడా అదే గాలి ఇచ్చాను. నెమ్మదిగానే కానీ, బెలూన్ మళ్లీ ఉబ్బింది. ఇక అనుమానం లేదు.

వాల్వ్ విప్పడానికి పది నిమిషాలు పట్టింది. పై మూతికి శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో పీల్చి నాలుకతో మూస్తే, డయాఫ్రమ్ (వాల్వ్‌ని పైకీ కిందికీ కదిపే రబ్బరు పొర) బాగుంటే నాలుక అతుక్కుని ఉండాలి, వాల్వ్ లేచే ఉండాలి. నాకు జ్యూస్ అయిపోయిన గ్లాసులో స్ట్రా పీల్చినట్టు గాలి వస్తూనే ఉంది. టార్చ్ వేసి చూస్తే డయాఫ్రమ్ అంచున అర్ధచంద్రాకారంలో చిరుగు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడీ ఆయిల్ ఆవిరీ తిని రబ్బరు గట్టిపడిపోయింది. పావురం కూతకి కూడా కారణం ఇదే, కాలు తీసినప్పుడు మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ వాల్వ్‌ని పైకి లాగాలి, చిరిగిన రబ్బరుని ఏం లాగుతుంది.

నిజానికి ఈ నాలుక పరీక్ష మొదటి రోజే చేయాల్సింది. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఇది డయాఫ్రమ్ సంగతే చెబుతుంది, స్ప్రింగు నీరసించినా, కింద సీటు అరిగి సందు పడినా ఇందులో దొరకదు, దానికి బెలూనే. కొత్త బళ్లలో కరెంటుతో పనిచేసే వాల్వ్‌లు ఉంటాయి, వాటికి పీల్చడానికి మూతే ఉండదు, స్కానర్‌తో ఆన్ చేసి టిక్‌మంటుందో లేదో వినాలి.

కొత్తది తెచ్చేటప్పుడు స్పేర్ పార్టుల షాపు కౌంటర్ దగ్గరే గొట్టం తగిలించి పీల్చి చూశాను. కుర్రాడు నా వంక అదోలా చూసి "సార్, అది ఈల కాదండి" అన్నాడు. నాలుక అతుక్కుని ఉండటంతో జవాబు చెప్పలేకపోయాను. బిగించేటప్పుడు పాత స్ప్రింగు క్లిప్పులు తీసి స్క్రూ క్లిప్పులు వేశాను. అదే రోడ్డు, అదే గేరు, అదే 2500 దగ్గర ఇప్పుడు 173 వస్తోంది.