కాకినాడ బార్జీ, ఢిల్లీ నోటిఫికేషన్

2023 మే నెలలో మా బావ కాకినాడ యాంకరేజ్ పోర్టులో బియ్యం బస్తాలను ఒడ్డు నుంచి ఓడకు చేర్చే ఒక బార్జీలో (చదునైన సరుకు పడవలో) వాటా కొనాలనుకొని, తాను వేసుకున్న లెక్కల కాగితాన్ని నాకు చూపించారు. టన్నుకు వచ్చే కిరాయి, నెలకు పడే ట్రిప్పులు, డీజిలు, సిబ్బంది జీతాలు, మరమ్మతులు, బ్యాంకు వాయిదా అన్నీ అందులో ఉన్నాయి. ప్రభుత్వం బియ్యం ఎగుమతిని ఆపేస్తే పరిస్థితి ఏమిటన్న వరుస మాత్రం లేదు. నాకూ అది తోచలేదు. నిజానికి 2022 సెప్టెంబరులోనే నూకల ఎగుమతిని నిషేధించి, పచ్చి బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. ఆ హెచ్చరికను మేమిద్దరం పత్రికలో చదివి పక్కన పెట్టినవాళ్లమే.

ఈ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుదాకా రాలేక, హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసి నిలుస్తాయి. కాలువ ఒడ్డున హమాలీలు బస్తాలు నింపిన బార్జీని టగ్గు (లాగుడు పడవ) లాక్కెళ్లి ఓడ పక్కన చేరిస్తే, ఓడ మీది క్రేన్లు వాటిని ఎత్తుకుంటాయి. పశ్చిమ ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యానికి ఇది పేరున్న రేవు.

2023 జులై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. అప్పటికే లోడింగ్ మొదలైన సరుకు వంటి కొన్నిటికే మినహాయింపు దొరికింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపైనా 20 శాతం సుంకం పడింది. నిషేధం తొలగడానికి 2024 సెప్టెంబరు 28 దాకా, ఉప్పుడు బియ్యంపై సుంకం పూర్తిగా పోవడానికి అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. ఆ పద్నాలుగు నెలల్లో ఓడ యజమాని తన ఓడను థాయిలాండ్‌కో వియత్నాంకో మళ్లించి, అక్కడి బియ్యాన్నే అదే ఆఫ్రికాకు మోసుకోగలడు. బార్జీ యజమాని ఎక్కడికి పోగలడు? ఒకే విధాన నిర్ణయం ఒకే సరుకును మోసే ఇద్దరిని ఇంత వేరుగా తాకుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

అలాగని ఓడ యజమానికి ఎప్పుడూ తప్పించుకునే దారి ఉంటుందని కాదు. 2025 అక్టోబరు 14 నుంచి అమెరికా తన రేవులకు వచ్చే చైనా తయారీ ఓడలపై, చైనా సంస్థలు నడిపే ఓడలపై ప్రత్యేక రుసుము మొదలుపెట్టగా, చైనా అదే రోజు అమెరికాతో సంబంధమున్న ఓడలపై నికర టన్నుకు (ఓడలో సరుకు పట్టే చోటును కొలిచే లెక్క) 400 యువాన్ల చొప్పున వసూలు మొదలుపెట్టింది. నెల తిరగకముందే, నవంబరు 10న, రెండు దేశాలూ వాటిని ఏడాదిపాటు నిలిపివేశాయి. ఇరవై ఏళ్లకు పైగా నడవాలని కట్టించిన ఓడ విలువలో, అది ఏ దేశపు యార్డులో తయారైందన్నదీ ఒక లెక్కగా చేరిపోయింది. అందుకే నౌకాయాన షేర్లు చూసేటప్పుడు నేనిప్పుడు లాభనష్టాల పట్టికకు ముందు ఓడలు ఎక్కడ కట్టినవి, ఏ సరుకు మోస్తున్నాయి, ఎంత భాగం దీర్ఘకాలిక ఒప్పందంలో ఉన్నాయి అన్నవి చూస్తున్నాను.

బావ 2024 చివర్లో చిన్న వాటా కొన్నారు. ఈసారి కాగితంలో ఒక వరుస పెరిగింది: బార్జీ కదలకపోయినా కట్టగలిగేలా, పన్నెండు నెలల వాయిదాల సొమ్ము విడిగా.