డీడీఆర్5 లాగ్: 6000 దగ్గర ఆగి, రిఫ్రెష్ మీద పడ్డాను

కొనే ముందు

ప్రాసెసర్ రైజెన్ 5 7600, బోర్డు బీ650. ఈ రెండూ ఖాయమయ్యాక డీడీఆర్5 ర్యామ్ దగ్గర బండి ఆగింది. పెట్టెల మీద 5200, 5600, 6000, 6400, 7200 అంటూ వరస నంబర్లు, పక్కనే సీఎల్ (అడిగాక డేటా రావడానికి ఎన్ని క్లాక్‌లు పడతాయో చెప్పేది) అని మరో నంబరు. పెద్ద నంబరు కనపడితే చెయ్యి అటే పోతుంది. కానీ స్పీడు పెరిగేకొద్దీ సీఎల్ కూడా పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది. లెక్క చిన్నదే: సీఎల్‌ని 2000తో గుణించి, స్పీడుతో భాగించాలి. వచ్చేది నానోసెకన్లలో ఆలస్యం.

4800 సీఎల్40: 16.7
5600 సీఎల్36: 12.9
6000 సీఎల్36: 12
6000 సీఎల్30: 10
6400 సీఎల్32: 10
7200 సీఎల్34: 9.4

పాత డీడీఆర్4లో 3200 సీఎల్16కి కూడా ఇదే లెక్క వేసి చూడండి, సరిగ్గా 10 వస్తుంది. తరం మారినా ఆలస్యం అక్కడే ఉంది, పెరిగింది బ్యాండ్‌విడ్తే.

మరి ఆ బ్యాండ్‌విడ్తయినా నాకు పూర్తిగా దక్కుతుందా అంటే, దక్కదు. 6000 ర్యామ్ రెండు ఛానళ్ల మీద, ఒక్కో ఛానల్‌కి 8 బైట్ల చొప్పున, సెకనుకి 96 జీబీ ఇవ్వగలదు. కానీ 7600లో కోర్లన్నీ ఒకే చిప్‌లెట్‌లో, అంటే ప్రాసెసర్‌లోని ఒక చిన్న చిప్ ముక్కలో ఉంటాయి. ఆ చిప్‌లెట్‌కీ మెమరీ కంట్రోలర్‌కీ మధ్య ఉన్న ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ దారిలో చదవడానికి క్లాక్‌కి 32 బైట్లు, రాయడానికి 16 బైట్లు మాత్రమే పడతాయి. ఫ్యాబ్రిక్ 2000 మెగాహెర్ట్జ్‌లో నడిస్తే చదివేది 64 జీబీ, రాసేది 32. బిందె ఎంత పెద్దదైనా మూతి అంతే. 7200 ర్యామ్‌కి డబ్బు పోసినా ఆ మూతి పెరగదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 6000 వరకు మెమరీ కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడుస్తుంది. ఆ క్లాక్ పెట్టె మీది నంబరులో సగం, అంటే 6000కి 3000 మెగాహెర్ట్జ్. అది దాటితే బోర్డు ఆటో సెట్టింగ్‌లో కంట్రోలర్‌ని సగానికి దించేస్తుంది. యూక్లాక్ (కంట్రోలర్‌ది), ఎంక్లాక్ (ర్యామ్‌ది) అని కనపడేవి ఇవే. సగం మీద నడిపి పోయిందంతా తిరిగి రాబట్టాలంటే 8000 చుట్టుపక్కలకి వెళ్లాలి. అక్కడికి వెళ్లాలంటే బోర్డూ ప్రాసెసరూ రెండూ కలిసి రావాలి.

అందుకే 6000 సీఎల్30 తీసుకున్నాను: రెండు 16 జీబీ స్టిక్స్, 30-38-38-96 (వరసగా సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్ఏఎస్ అనే టైమింగ్స్), 1.35 వోల్టులు, ఎక్స్‌పో ప్రొఫైల్‌తో (కిట్ స్పీడునీ టైమింగ్స్‌నీ ఒక్క స్విచ్చుతో పెట్టేది). సీఎల్36 వద్దనుకున్నది ఆ రెండు నానోసెకన్ల కోసం కాదు. సీఎల్30 కిట్లలో ఎస్‌కే హైనిక్స్ చిప్స్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. వాటికి తర్వాత టైమింగ్స్ బిగించుకోవడానికి, అంటే ఇంకా తగ్గించడానికి చోటుంటుంది. సీఎల్36 కిట్‌లో ఏ చిప్స్ వస్తాయో పెట్టె విప్పాకే తెలుస్తుంది.

నాలుగు స్టిక్స్ ఆలోచనే పెట్టుకోకండి. ఈ ప్రాసెసర్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పేది రెండు స్టిక్స్‌తో 5200, నాలుగైతే 3600. ఆ పైనంతా మన అదృష్టం. 64 జీబీ కావాలంటే రెండు 32లు కొనడం మేలు.

మొదటి బూట్

ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో స్టిక్స్ పెట్టి ఆన్ చేశాను. స్క్రీన్ నల్లగా, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూ. ఏఎం5 (ఈ ప్రాసెసర్ల సాకెట్) కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి పవర్ పీకేస్తారు. బోర్డు మెమరీ ట్రైనింగ్ చేసుకుంటోంది (ఈ ర్యామ్‌కి సరిపడే సిగ్నల్ సెట్టింగ్స్ వెతుక్కుంటోంది), కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కదిలించకండి. డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉండటం కూడా మామూలే.

లోపలికి వెళ్లి చూస్తే ర్యామ్ 4800 సీఎల్40 మీద నడుస్తోంది. ఎక్స్‌పో ఆన్ చేయకపోతే ఎంత ఖరీదైన కిట్ అయినా చాలావరకు ఇలాంటి స్పీడే. కొని ఏళ్లు గడిచినా ఇలాగే వాడుతున్నవాళ్లు నాకు తెలుసు. ఆన్ చేసి మళ్లీ ట్రైనింగ్ కానిచ్చాను. ఎయిడా64 అనే కొలిచే ప్రోగ్రామ్‌లో లేటెన్సీ (ప్రాసెసర్ అడిగిన దగ్గర్నుంచి డేటా అందేదాకా మొత్తం ఆలస్యం) 92 నానోసెకన్ల దరిదాపుల నుంచి 73కి వచ్చింది. ఒక్క స్విచ్చుతో ఇంత లాభం తర్వాత ఏ దశలోనూ రాలేదు.

ఎక్స్‌పో ఆన్ చేసిన వెంటనే చూడాల్సింది ఎస్ఓసీ వోల్టేజ్, అంటే ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది. 2023లో ఏఎం5 ప్రాసెసర్లు కొన్ని కాలిపోయాక ఏఎండీ దీనికి 1.3 వోల్టుల పరిమితి పెట్టింది. కాబట్టి పాత బయోస్ ఉంటే ముందు అప్‌డేట్, తర్వాతే ఎక్స్‌పో. నా బోర్డు ఆటోలో 1.25కి పైనే ఇస్తోంది. చేత్తో 1.2కి దించాను, 6000కి అది చాలింది.

పరీక్షలు

నా వరస ఇది. ఏ సెట్టింగ్ మార్చినా ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నడుపుతాను, విండోస్ జోలికి పోను. తప్పుడు మెమరీతో విండోస్ తెరిస్తే అది ఫైళ్లని పాడుచేసి ఊరుకుంటుంది. ఆ నష్టం అప్పటికప్పుడు కనపడదు కూడా. అది దాటితే విండోస్‌లో టెస్ట్‌మెమ్5, ఆపైన రాత్రంతా కార్హు, ఇవీ మెమరీ పరీక్షలే. చివర్లో వై-క్రంచర్, ఎందుకంటే అది ర్యామ్‌తోపాటు కంట్రోలర్‌నీ ఫ్యాబ్రిక్‌నీ కూడా గట్టిగా నొక్కుతుంది. టైమింగ్స్ చూడటానికి జెన్‌టైమింగ్స్, వేడి చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో.

డీడీఆర్5లో చిప్ లోపలే ఈసీసీ (తప్పులు సరిదిద్దే ఏర్పాటు) ఉంది కదా, ఈ పరీక్షలన్నీ ఎందుకు అని అడుగుతారు. అది చిప్ లోపలి సెల్స్‌లో వచ్చే ఒక్క బిట్ తప్పుల్ని సరిదిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పుతో దానికి సంబంధం లేదు.

6400 సంగతి

కొన్నాక ప్రయత్నించకుండా ఉండలేం కదా. 6400 సీఎల్32 పెట్టి మిగతాది ఆటోకి వదిలేస్తే బూట్ అయింది, కానీ లేటెన్సీ ఎక్స్‌పో 6000 కంటే వెనక్కి పోయింది. జెన్‌టైమింగ్స్ తెరిస్తే యూక్లాక్ 1600 అని కనపడింది. కంట్రోలర్ సగానికి దిగిపోయిందన్నమాట. యూక్లాక్‌ని చేత్తో ఎంక్లాక్‌కి సమానం చేస్తే ఎస్ఓసీ 1.2 వోల్టుల దగ్గర బూటే కాలేదు. 1.28 దగ్గర విండోస్ వచ్చింది గానీ టెస్ట్‌మెమ్5 కొద్దిసేపట్లోనే ఎర్రర్లు చూపించింది. పై పరిమితి 1.3 కాబట్టి నా చిప్‌కి 6400 రాసిపెట్టి లేదు. వేరే 7600కి రావచ్చు, ఇది లాటరీ. పైగా పట్టికలో చూశారు కదా, 6400 సీఎల్32 కూడా 10 నానోసెకన్లే.

రిఫ్రెష్

అసలు సరుకంతా ఇక్కడుంది. పెట్టె మీద రాసే నాలుగు నంబర్లలో దీని ఊసే ఉండదు.

డీర్యామ్ సెల్ అంటే చిన్న కెపాసిటర్. అందులో ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి మధ్యమధ్య మళ్లీ నింపాలి. ఎంతకోసారి నింపాలో చెప్పేది టీఆర్ఈఎఫ్ఐ. నింపుతున్నంతసేపు ఎంత కాలం ఆగాలో చెప్పేది టీఆర్ఎఫ్‌సీ. ఆ సమయంలో ఆ మెమరీ ఎవరికీ జవాబివ్వదు.

16 గిగాబిట్ చిప్‌కి ప్రమాణం ప్రకారం టీఆర్ఎఫ్‌సీ 295 నానోసెకన్లు. 3000 మెగాహెర్ట్జ్‌లో అది 885 క్లాక్‌లు. టీఆర్ఈఎఫ్ఐ 3.9 మైక్రోసెకన్లు, అంటే 11700 క్లాక్‌లు. 885ని 11700తో భాగిస్తే ఏడున్నర శాతం. ర్యామ్ తన సమయంలో ఏడున్నర శాతం తన పని తనే చేసుకుంటూ కూర్చుంటోంది, ఎక్స్‌పో పెట్టాక కూడా.

హైనిక్స్ చిప్స్ 295 అంత ఆగాల్సిన అవసరం లేదు, 160 నానోసెకన్లకి సులువుగా దిగుతాయి. 885 నుంచి 700, 600, 540, చివరికి 480 దాకా మెట్లుమెట్లుగా దించాను, ప్రతి మెట్టుకీ మెమ్‌టెస్ట్. టీఆర్ఈఎఫ్ఐని అటు పైకి 50000కి తీసుకెళ్లాను. ఇప్పుడు 480ని 50000తో భాగిస్తే ఒక శాతం లోపే. ఎయిడాలో లేటెన్సీ 73 నుంచి 66కి వచ్చింది.

దీనికి గిట్టనిది వేడి. సెల్ వేడెక్కితే ఛార్జ్ త్వరగా కారిపోతుంది. 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు తరచుగా చేయాలని ప్రమాణమే చెబుతుంది. మనం చూస్తే దాన్ని నాలుగు రెట్లు ఆలస్యం చేశాం. పైగా డీడీఆర్5లో వోల్టేజ్ సర్క్యూట్ కూడా స్టిక్ మీదే ఉంటుంది, దాని వేడి అదనం. టెస్ట్‌మెమ్5 ఒక్కటే నడిపితే స్టిక్స్ 46 డిగ్రీల దగ్గర ఉండి అంతా పచ్చగా కనపడింది. టీఆర్ఈఎఫ్ఐ 65535 పెట్టి, గ్రాఫిక్స్ కార్డుకి కూడా లోడ్ ఇచ్చి మళ్లీ నడిపితే, స్టిక్స్ 57 దాటగానే ఎర్రర్ పడింది. గేమ్ ఆడేటప్పుడు కార్డు వేడి గాలంతా స్టిక్స్ మీదకే వస్తుంది కదా. కాబట్టి కార్డు చల్లగా ఉన్నప్పుడు పాసయిన పరీక్షని నేను లెక్కలోకి తీసుకోను. కేస్ పైభాగంలో, ముందువైపు ఒక ఫ్యాన్ గాలి లోపలికి వచ్చేలా పెట్టి, విలువని 50000 దగ్గరే ఉంచాను. ఇప్పుడు ఎంత ఆడినా 51 దాటడం లేదు.

మిగతా చిన్న టైమింగ్స్

వీటి మీద ఎక్కువసేపు పెట్టలేదు. టీఆర్ఆర్‌డీఎస్ (రెండు మెమరీ వరసలు తెరవడానికి మధ్య విరామం) 8, టీఎఫ్‌ఏడబ్ల్యూ (నాలుగు వరసలు తెరిచే వ్యవధి) 32. రెండోది మొదటిదానికి నాలుగింతల కంటే తగ్గించినా ఉపయోగం ఉండదు. టీడబ్ల్యూఆర్ (రాశాక ఆగే సమయం) 48. టీఆర్‌సీడీ 38 నుంచి 36కి దిగింది, 35 ఒప్పుకోలేదు. ఫ్యాబ్రిక్‌ని 2000 నుంచి 2133కి పెంచాను, దాంతో చదివే పరిమితి 68 జీబీకి వెళ్లింది. 2200 కూడా బూట్ అయింది గానీ ఒకే పరీక్షకి ఒక్కోసారి ఒక్కో స్కోరు వస్తోంది, అందుకే వెనక్కి దించాను. ఇవన్నీ కలిపి మరో రెండు నానోసెకన్లు.

మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్ చేస్తే ప్రతి బూట్‌కీ ట్రైనింగ్ ఉండదు, మెషిన్ త్వరగా లేస్తుంది. కొన్ని బోర్డుల్లో దీంతోపాటు పవర్ డౌన్ (ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్‌ని నిద్రపుచ్చే సెట్టింగ్) కూడా ఆన్‌లో ఉంచకపోతే క్రాష్‌లు వస్తాయి. నేను రెండూ ఆన్‌లో ఉంచాను. టైమింగ్స్ మారుస్తున్నన్నాళ్లు మాత్రం రీస్టోర్ ఆఫ్‌లోనే ఉంది, లేకపోతే పాత ట్రైనింగ్‌తోనే కొత్త విలువలు పరీక్షిస్తాం.

గేముల్లో

1440పీలో గ్రాఫిక్స్ హై పెట్టి ఆడితే ఎక్స్‌పోకీ దీనికీ తేడా శూన్యం. కార్డే అడ్డు, ర్యామ్ ఏం చేస్తుంది? 1080పీలో సెట్టింగ్స్ తగ్గించి, జనం కిక్కిరిసిన మ్యాప్‌లో చూస్తే సగటు ఫ్రేములు నాలుగైదు శాతం, ‘1% లో’ (అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) ఎనిమిది శాతం దాకా పెరిగాయి. కళ్లకి తెలిసేది ఆ రెండోదే, మలుపు తిరిగినప్పుడు వచ్చే చిన్న కుదుపు తగ్గింది. మీది ఎక్స్3డీ (అదనపు క్యాష్ ఉన్న) ప్రాసెసర్ అయితే 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఈ ఆలస్యాన్ని చాలావరకు దాచేస్తుంది. ఎక్స్‌పో ఆన్ చేసి హాయిగా ఆడుకోండి, ఈ తలనొప్పి మీకొద్దు. 7600లో ఉన్నది 32 ఎంబీ, అందుకే నాకు ఈ పని.

ప్రస్తుతం

6000, 30-36-38-96, టీఆర్ఎఫ్‌సీ 480, టీఆర్ఈఎఫ్ఐ 50000, ర్యామ్ 1.38 వోల్టులు, ఎస్ఓసీ 1.2, ఫ్యాబ్రిక్ 2133, లేటెన్సీ 64. ఇవన్నీ కాగితం మీద రాసి కేస్ లోపలి తలుపుకి అతికించాను, ఎందుకంటే బయోస్ అప్‌డేట్ చేస్తే చాలా బోర్డుల్లో సేవ్ చేసుకున్న ప్రొఫైల్స్ ఎగిరిపోతాయి. టీఆర్‌పీ, టీఆర్ఏఎస్ ఇంకా ఎక్స్‌పో విలువల మీదే ఉన్నాయి. తర్వాత వాటి పని పడతాను. ఎండలు ముదిరాక ఇదే సెట్టింగ్‌తో కార్హు, కార్డు లోడ్ కలిపి ఇంకోసారి నడపాలి. ఆ వేడిలో ఎర్రర్ పడితే టీఆర్ఈఎఫ్ఐ 40000కి దిగుతుంది.