బక్లూ మేడలో వంశాల లెక్క

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు చూపించే చోట్లకు ఒక వరస ఉంది. న్యూయార్క్, నయాగరా, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి. ఆ వరస పూర్తయ్యాక ఒక ఆదివారం కోడలు "మామయ్యగారూ, మీకు పాత కాగితాలంటే ఇష్టం కదా, పదండి" అని న్యూ బ్రన్స్‌విక్ తీసుకెళ్లింది. మా ఆవిడ, మనవరాలు కూడా వచ్చారు.

రారిటన్ నది పక్కనున్న బక్లూ పార్కులో 1739లో కట్టిన మేడ ఉంది. 1911లో దాని యజమాని మేడనూ చుట్టూ ఉన్న స్థలాన్నీ ఊరికి రాసిచ్చేశాడట. 1915 నుంచి లోపలి మ్యూజియం బాగోగులు ఒక మహిళా సంఘం చూస్తోంది. పేరు డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్. ఇక్కడి శాఖ పేరు జెర్సీ బ్లూ. ఈ రాష్ట్రపు పాత సైనిక దళాన్ని అలా పిలిచేవారు.

సంఘం 1890లో వాషింగ్టన్‌లో పుట్టింది. ఇప్పుడు దానికి సుమారు 3 వేల శాఖలున్నాయి. చేరాలంటే పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ అయి ఉండాలి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తోడ్పడిన ఒకరి నేరు వంశంలో పుట్టినదాన్నని రుజువు చూపాలి. ఇది విన్నప్పుడు నాకు కాస్త చిరాకే వేసింది. మా తాతలు నేతులు తాగారు అనే రకం అనుకున్నాను.

మేడ చూపించిన పెద్దావిడ మెడకింద ఒక రిబ్బన్, దానికి వేలాడుతూ బంగారు రంగు రాట్నం. పదమూడు ఆకుల రాట్నమే వాళ్ల సంఘం గుర్తు, తొలి పదమూడు రాష్ట్రాల లెక్కన. రాట్నం చూడగానే మా ఆవిడకు ఆమె మీద అభిమానం కలిగింది.

నేను రెవెన్యూలో రిటైరయినవాణ్ణి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు రాసీ రాసీ అరిగిపోయిన చెయ్యి. అందుకే రుజువు సంగతి తవ్వి తవ్వి అడిగాను. ఒక్కో తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు కావాలట. లేకపోతే వీలునామా, జనాభా లెక్కలు, ఇంటి బైబిల్లో రాసుకున్న పేర్లు. ఏడెనిమిది తరాల గొలుసులో ఒక్క లింకు తెగినా దరఖాస్తు ఆగిపోతుంది. ఆ పూర్వీకుడు సిపాయే కానక్కర్లేదు. సైన్యానికి ధాన్యమో పశువులో ఇచ్చినా, ఊరి కమిటీలో పనిచేసినా సరిపోతుంది. ఇక్కడే నా చిరాకు సగం తగ్గింది. రాజుల వంశం కోసం కాకుండా ఎడ్లబండి ఇచ్చిన రైతు కోసం ఇంత వెతుకులాట!

మిగతా సగం ఎందుకు తగ్గలేదంటే, 1939లో వాషింగ్టన్‌లోని తమ హాల్లో నల్లజాతి గాయని మరియన్ ఆండర్సన్ పాడడానికి ఒప్పుకోనిది ఈ సంఘమే. అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ సంఘానికి రాజీనామా ఇచ్చేశారు. ఆండర్సన్ లింకన్ స్మారకం మెట్ల మీద 75 వేల మంది ముందు పాడింది. సంఘంలో తొలి నల్లజాతి సభ్యురాలిగా కరెన్ బాచెలర్ చేరింది 1977లో. కోడలు ఈ సంగతి మొహమాటం లేకుండా అడిగేసింది. పెద్దావిడ తప్పించుకోలేదు, "అది మా సంఘం చేసిన తప్పు" అంది.

మెట్ల దగ్గర బ్రిటిష్ సైనికుల కత్తుల గాట్లని కొన్ని చూపిస్తారు. 1776-77 చలికాలంలో ఈ ఊళ్లో వాళ్ల సైన్యం మకాం వేసింది, నాయకుడు కార్న్‌వాలిస్. ఆ పేరు వినగానే నాకు ఆఫీసు గుర్తొచ్చింది. ఆ యుద్ధంలోనే 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగాడు, 1792లో టిప్పుని సంధికి దించాడు, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 తర్వాత అది మన ఉత్తర సర్కారులకూ పాకింది. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయినా, ఆ జమీందారీ భూముల తగాదాల ఫైళ్లు నా బల్ల మీదికీ వచ్చాయి. ఇక్కడ ఓడిన దొర అక్కడ పెట్టిన చిక్కుముడిని నేను సర్వీసంతా విప్పుతూ కూర్చున్నానని చెబితే పెద్దావిడ పడీ పడీ నవ్వింది.

వాళ్లకు ఇంకా చాలా పనులున్నాయి: పాత సైనికుల సమాధులు వెతికి గుర్తు పెట్టడం, బడి పిల్లలకు వ్యాసరచన పోటీలు. కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్లకు ప్రమాణం రోజున చిన్న జెండాలు పంచేదీ వీళ్లే అనగానే కోడలు "నాకూ ఇచ్చారు" అంది. ఆమె జెండా అందుకోవచ్చు, సంఘంలో మాత్రం చేరే వీలు లేదు. ఆమెకు అది పెద్ద విషయం కాదు, నాకే కాసేపు మనసులో తిరిగింది.

తిరిగొస్తుంటే మనవరాలు కారులో మన వంశపు చెట్టు గీద్దామంది. తద్దినాల్లో చెప్పే మూడు పేర్లు చెప్పి ఆగిపోయాను. వెనక సీట్లోంచి మా ఆవిడ తన అమ్మమ్మ, ఆమె అమ్మ, ఆమె అమ్మ పేర్లు, ఎవరిది ఏ ఊరో గడగడా చెప్పేసింది. ఒక్కదానికీ కాగితం లేదు.