మేకల పక్షం

"అమ్మా, నాకు మేకలు వద్దు. అవి ఎవర్నీ కొట్టలేవు కదా."

జమ్మలమడుగులో మా నాన్న ఇంటి అరుగు మీద, నాపబండపై సుద్దతో గీసిన పులి-మేక ముందు కూర్చుని మా పదకొండేళ్ళవాడు అన్న మాట ఇది. మూడు పులులు వాడికే కావాలి. పదిహేను మేకలూ తాతకి. పులి మేక మీంచి దూకి దాన్ని తీసేస్తుంది. మేక దూకలేదు, తియ్యలేదు. పులులకి కదిలే చోటు లేకుండా చుట్టూ మూసెయ్యడమే దాని పని. ఆ పనిలో గెలుపు ఉందని వాడికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వాడికి తెలిసిన ఆటలోంచే చెప్పాలనిపించింది.

వాడికి తెలిసిన ఆట మ్యాజిక్, రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసి 1993లో విడుదలైన కార్డుల ఆట. మొదటిసారి వాడు కార్డులు అడిగినప్పుడు "అట్టముక్కలకి అంత డబ్బా?" అన్నాను. అదే నెలలో కోడింగ్ క్లాసుకి మారుమాట లేకుండా ఫీజు కట్టాను. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేసిందని వాడు గమనించే ఉంటాడు. దోస్తులందరి దగ్గరా ఖరీదైన డెక్కులు, అంటే ఆడటానికి పేర్చుకున్న కార్డుల కట్టలు, ఉన్నాయి, వీడి దగ్గర వాళ్ళు వద్దనుకున్న ముక్కలున్నాయి. నిజానికి ఆ వద్దనుకున్న ముక్కల్లోనే ఒక అందమైన డెక్కు ఉంది. మొత్తం గోడలే, అంటే 'డిఫెండర్' అన్న మాట ఉన్న కార్డులు. గోడ దాడి చెయ్యలేదు. అదే మేకల డెక్కు.

ఇది పాపర్ పద్ధతిలో ఆడేది. ప్రతి కార్డూ ఎప్పుడో ఒక ముద్రణలో కామన్‌గా వచ్చి ఉండాలి, అదే ముఖ్య నియమం. 2019 నుంచి దీనికి అధికారిక గుర్తింపు కూడా ఉంది. కార్డు మధ్యలో కుడివైపు ఉండే సెట్ గుర్తు నల్లగా ఉంటే కామన్, వెండి రంగైతే అన్‌కామన్, బంగారు రంగైతే రేర్. 1998కి ముందు సెట్లలో మాత్రం అన్ని గుర్తులూ నల్లవే, రంగు చూసి నమ్మకూడదు. ఇంకో పక్క, మీ చేతిలో ఉన్నది వెండి గుర్తుదైనా, అదే కార్డు వేరే సెట్‌లో కామన్‌గా వచ్చి ఉంటే చెల్లుతుంది. బూస్టర్ ప్యాకెట్లు కొనకండి, అందులో ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. కావలసిన కార్డులు విడిగా కొనండి. కామన్ ముక్కల్లో చాలావాటి ధర డాలరు కూడా ఉండదు, సెంట్లలోనే ఉంటుంది.

మొత్తం అరవై. ఇరవైనాలుగు గోడలు: సారులీ కేర్‌టేకర్, ఓవర్‌గ్రోన్ బ్యాటిల్‌మెంట్, వాల్ ఆఫ్ రూట్స్, గేట్‌క్రీపర్ వైన్, యాక్స్‌బేన్ గార్డియన్, డ్రిఫ్ట్ ఆఫ్ ఫాంటాజమ్స్, ఒక్కోటి నాలుగు. చంపే ముక్క వలకుట్ ఇన్వోకర్ రెండు. ఫ్రీడ్ ఫ్రమ్ ది రియల్ మూడు. గోడల్ని వెతికి తెచ్చే వైండింగ్ వే నాలుగు, లీడ్ ది స్టాంపీడ్ నాలుగు. ప్రాణం కాచే మూమెంట్స్ పీస్ నాలుగు. మిగిలిన పంతొమ్మిదీ నేల, అంటే కార్డులు దింపడానికి కట్టే శక్తిని, మానాని, ఇచ్చే ముక్కలు: పదమూడు ఫారెస్టులు, అయిదు ఐలాండ్లు, ఒకే ఒక్క మౌంటెన్. గేట్‌క్రీపర్ వైన్ దిగగానే ఒక బేసిక్ నేలని చేతికి తెస్తుంది కాబట్టి ఐలాండ్లు తక్కువైనా ఇబ్బంది ఉండదు.

కిటుకు అంతా యాక్స్‌బేన్ గార్డియన్‌లో ఉంది. దాన్ని పడుకోబెడితే, అంటే వాడినట్టు గుర్తుగా అడ్డంగా తిప్పితే, మన దగ్గర ఎన్ని గోడలుంటే అంత మానా ఇస్తుంది, ఏ రంగైనా సరే. దాని మీద ఫ్రీడ్ ఫ్రమ్ ది రియల్ వేస్తే ఒక్క నీలం మానాతో మళ్ళీ లేస్తుంది. మూడు గోడలుంటే మూడు వస్తుంది, ఒకటి ఖర్చు, రెండు మిగులు. రెండు గోడలున్నా చాలు, మిగులు ఒకటి. గార్డియన్ ఒంటరిగా ఉంటే వచ్చిందీ పోయిందీ సమానం, ఆ చక్రం తిరగదు. ఇన్వోకర్ దింపడానికి మూడు మానా, ఆపైన ఎనిమిది మానా కట్టిన ప్రతిసారీ అది మూడు దెబ్బలు వేస్తుంది. ఎదుటివాడి ఇరవై ప్రాణాలకి ఏడుసార్లు కావాలి, అంటే యాభైఆరు. దింపిన మూడూ కలిపితే యాభైతొమ్మిది. మూడు గోడలతో ముప్పై చుట్లు. ఇన్వోకర్ దెబ్బ వెయ్యడానికి పడుకోనక్కర్లేదు, కాబట్టి దిగిన టర్న్‌లోనే పని ముగించొచ్చు. ముప్పై చుట్లూ చేతులు తిప్పక్కర్లేదు. ఒకసారి చూపించి "ఇలా ముప్పైసార్లు" అని చెబితే సరిపోతుంది. కానీ అంతా ఒకే మెయిన్ ఫేజ్‌లో, అంటే మన టర్న్‌లో కార్డులు దింపే దశలో, జరగాలి. ఫేజ్ మారితే కూడబెట్టిన మానా ఆవిరైపోతుంది.

పిల్లలు తప్పు చేసేది ఎక్కడో చెప్తాను. మొదటిది, ఫ్రీడ్‌ని బ్యాటిల్‌మెంట్ మీద వేసెయ్యడం. బ్యాటిల్‌మెంట్ కూడా గోడల లెక్కనే మానా ఇస్తుంది గానీ అంతా పచ్చదే. లేవడానికి నీలం కావాలి, చక్రం అక్కడే ఆగుతుంది. రెండోది, గార్డియన్‌ని దింపిన టర్న్‌లోనే వాడబోవడం. ఒక టర్న్ ఆగాలి, ఆ ఒక్క టర్న్ అది బతకాలి. దాని ఓపిక మూడే, మూడు దెబ్బలు తగిలితే పోతుంది. ఎదుటివాడి దగ్గర మూడు దెబ్బలు వేసే లైట్నింగ్ బోల్ట్ ఒక్కటి ఉంటే చాలు. అన్నిటికంటే బాధ పెట్టేది ఇది: మనం ఫ్రీడ్ వేస్తుండగా, అది దిగేలోపే వాడు బోల్ట్ వేస్తే గార్డియనూ పోతుంది, ఫ్రీడూ పోతుంది. ఒక్క కార్డుకి రెండు పోగొట్టుకుంటాం. అందుకే ముందు కేర్‌టేకర్‌ని దింపి, బోల్ట్ దాని మీద ఖర్చయ్యేదాకా ఓపిక పట్టమంటాను. పులి-మేకలో ముందు అంచుల్లో మేకలు పెట్టినట్టు.

ఇంకో సంగతి. వైండింగ్ వే పైనున్న నాలుగు కార్డులు తిప్పి, వాటిలోని గోడల్నీ ఇన్వోకర్‌నీ చేతికిచ్చి, మిగిలినవి చెత్తలో పడేస్తుంది. ఆ మిగిలినవాటిలో ఫ్రీడ్ ఉండొచ్చు. భయపడక్కర్లేదు, డ్రిఫ్ట్ ఉంది. ఒకటి ఏ రంగుదైనా, రెండు నీలం మానా కట్టి డ్రిఫ్ట్‌ని పారేస్తే అదే ధర ఉన్న ఏ కార్డునైనా డెక్కులోంచి తెచ్చుకోవచ్చు. దాని ధర మూడు. గార్డియన్ మూడు, ఫ్రీడ్ మూడు, ఇన్వోకర్ మూడు. ఏ ముక్క లేకపోతే ఆ ముక్క డ్రిఫ్టే. ఈ డెక్కులో నాకు బాగా నచ్చిన కార్డు అది. దాన్ని తొందరపడి గోడగా దింపొద్దని మాత్రం పిల్లలకి పదేపదే చెప్పాలి.

జమ్మలమడుగులో మా అన్న పిల్లల దగ్గర కార్డులు లేవు, కాబట్టి ఎదురు నిలబడే పులుల డెక్కు కూడా కావలసి వచ్చింది. రెండు డెక్కుల కార్డులూ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాం. కార్డు కొలత 63 బై 88 మిల్లీమీటర్లు, ఏ4 కాగితంలో తొమ్మిది పడతాయి. నేలలు వదిలేస్తే గోడల డెక్కుకి నలభైఒకటి, అయిదు కాగితాలు చాలు. ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపెట్టే సెట్టింగు ఆపి నూటికి నూరు శాతం పెట్టించండి, లేకపోతే ముక్కలు కురచవుతాయి. కాగితాన్ని ఊరికే వాడితే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది, చెమటకి ఇంకు అంటుకుంటుంది. 66 బై 91 స్లీవులో వెనకవైపు పేకముక్క పెట్టి దాని ముందు ఈ కాగితం తోస్తే గట్టిగా ఉంటుంది. వెనక కనపడని రంగు స్లీవులే వాడాలి. నేలలకి పేకముక్క మీదే పెన్నుతో రాసుకోవచ్చు. రెండు డెక్కులకి మూడు పేక సెట్లు. ఇది ఇంట్లో ఆటకే, షాపుల్లో పెట్టే పోటీలకి అసలు కార్డులే కావాలి.

ఆ పేక సెట్లు చూసి నాన్న ముఖం మారిపోయింది. "ఏమ్మే, పిల్లోనికి పేకాట నేర్పిస్తాండావా?" పేకాటలో పొలాలు పోగొట్టుకున్న ఇళ్ళు చూసిన మనిషి ఆయన. ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించిన సంగతి ఇప్పటికీ చెప్తాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కార్డులు కొననన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన "ముక్కలు" అన్న మాటలో ఆ భయమే ఉందేమో. తాత ఇంటి భయాన్ని వాడి బాల్యం మీద వేశానేమో.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేదాన్ని నేనే. ఈ డెక్కు వివరించేటప్పుడు సగం ఇంగ్లీషులోకి జారిపోయిందీ నేనే. ట్యాప్, అన్‌ట్యాప్ అంటూ చెప్తుంటే, "పడుకోబెట్టు, లేపు అనొచ్చు కదమ్మా" అన్నది వాడే. ఇప్పుడు పిల్లలంతా అలాగే అంటున్నారు. "గార్డియన్ని లేపురా!" అని అరుగు మీంచి కేకలు వినిపిస్తాయి.

స్నేహితులని ఆశ్చర్యపరిచే డెక్కు ఒకటి చేసుకోమని మీ పిల్లలకి చెప్పండి అని రాయాలనే కూర్చున్నాను. రాస్తుంటే నాకే సందేహం వస్తోంది. ఇది వాడికి ఇష్టమని చేశానా, వాడి ఆటలోకి మా ఊరి ఆటని తోసెయ్యాలని చేశానా? వాడు ఎప్పటికీ పులుల పక్షానే ఉంటానంటే నాకు ఎందుకు బాధ?

గోడల డెక్కుతో వాళ్ళ బావని మొదటిసారి ఓడించాక వాడు నేరుగా తాత దగ్గరికెళ్ళి అడిగాడు. "తాతా, నీ మేకల్లో గార్డియన్ ఏది?"

"ఏదీ లేదు నాయనా. పదిహేనూ ఒకటే."

వాడు సుద్దగీతల మీదున్న గులకరాళ్ళని చాలాసేపు చూశాడు. తర్వాత తన డెక్కు తీసి, నాలుగు గార్డియన్లనీ పక్కన పెట్టి, మిగిలిన యాభైఆరూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.