ఎనిమిదో తరగతిలో ఆగస్టు నెల

మా నడిగడ్డలో పేదపిల్లల కాలేజీ చదువు ఇంటర్‌తో మొదలవదు. ఎనిమిదో తరగతిలో, ఆగస్టు నెలలో మొదలవుతుంది. లేదంటే అక్కడే ఆగిపోతుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల మీద ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఏటా కళ్లతో చూస్తున్నదే రాస్తున్నాను.

జోగులాంబ గద్వాల జిల్లా పత్తి విత్తనానికి పేరు పడింది. ఆ హైబ్రిడ్ విత్తనం ఊరికే రాదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని సాయంత్రమే వెతికి, రేకులూ కేసరాలూ గిల్లేయాలి. పొద్దున మగ పువ్వులు తెంపుకొచ్చి ఒక్కోదానికీ రుద్దాలి. దీన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా రోజూ జరగాల్సిందే, ఒక రోజు మానితే ఆ రోజు పూత పోయినట్టే. విత్తన కంపెనీల తరఫున పంట వేయించే ఆర్గనైజర్ దగ్గర రైతులు ముందుగానే డబ్బు తీసుకుని ఉంటారు, కూలీలను పెట్టుకుంటే మిగిలేది ఉండదు. అందుకని ఇంట్లో ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్లు చేనుకు పోతారు. ముందు పోయేది ఆడపిల్లలు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం, పిల్లలు బడి అయ్యాక సొంత కుటుంబం చేసే పనిలో సాయపడొచ్చు అంటుంది. క్రాసింగ్‌కు ఆ మాట అతకదు. పువ్వు రుద్దే పని పొద్దునే మొదలై మధ్యాహ్నం దాకా సాగుతుంది. అది బడి టైమే. ఆ రెండు మూడు నెలలు బడికి రాని పిల్ల దసరా తర్వాత వస్తే బీజగణితం సగం అయిపోయి ఉంటుంది. అర్థం కాక వెనక బెంచీకి పోతుంది. తొమ్మిదిలో ఇంకా వెనక్కి. పదిలో ఎలాగో పాసవుతుంది, ఆ తర్వాత సంబంధాలు చూస్తారు. ఆ పిల్లకు చదువు రాదని ఊళ్లో అంటారు. చదువు రాకపోవడం కాదు, ఆగస్టులో బడిలో లేకపోవడం.

ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తులు పడేది కూడా దాదాపు ఈ రోజుల్లోనే. పూర్తి పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. కేంద్రం 2008లో మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. మొదట్లో నెలకు 500 రూపాయలు ఉండేది, 2017 నుంచి 1,000 చేశారు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్లు, మొత్తం 48,000. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. పరీక్ష నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో ఉంటుంది. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి, ఈ పరీక్ష రాసేది ఒక్క ఎనిమిదో తరగతిలోనే. తప్పిపోతే మళ్లీ రాయడానికి లేదు. మొన్నటేడు ఒక తల్లి దగ్గరికి వెళ్తే చేను గట్టు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

"పూత ఆగదు గద మేడం. ఈ రెండు నెలలు పోనీ, పరీక్ష వచ్చే ఏడు రాస్తది తియ్" అన్నది.

"వచ్చే ఏడు రాయనియ్యరమ్మా. ఈ ఒక్కసారే" అన్నాను.

ఆమె కాసేపు లెక్క వేసుకుంది. నెలకు వెయ్యి, నాలుగేళ్లు. "పైసలు పిల్ల పేరు మీదనే పడ్తయా? వాళ్ల నాయిన చేతికి రావా?" అని అడిగింది. పిల్ల ఖాతాలోనే పడతాయన్నాను. మర్నాటి నుంచి పొద్దున పనికి అక్కచెల్లెలి ఇంటివాళ్లతో బదులు పెట్టుకుంది, పిల్లను బడికి పంపింది. చదువు గొప్పతనం గురించి నేనేమీ చెప్పలేదు. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆమెకు కావలసింది తేదీలూ, డబ్బు ఎవరి చేతికి వస్తుందన్న ఖాయమైన మాటా.

ఈ పరీక్ష కోసం బడికి ముందు గానీ తర్వాత గానీ స్పెషల్ క్లాసు పెడితే ఈ నెలల్లో ఎవరూ రారు. అందుకే మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలే కాస్త టైమే మాకు క్లాసు. తరగతిలో బాగా చదివేవాళ్లను ఏరి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఎనిమిదో తరగతి మొత్తం కూర్చుంటుంది. మొదటి పేపరైన మెంటల్ ఎబిలిటీలో అద్దంలో బొమ్మలు, సంఖ్యల వరుసలు, కోడింగ్, పాచికలు, వెన్ చిత్రాలు ఉంటాయి. పాఠ్యపుస్తకంతో పనిలేని ప్రశ్నలు కాబట్టి ఎక్కాలకు భయపడే పిల్లలు కూడా చెయ్యెత్తుతారు. సమీకరణం అంటే తల దించుకునే ఒక అబ్బాయి ఇందులో అందరికంటే ముందు జవాబు చెప్పేవాడు. వాడిలో అంత ఉందని వాడికీ అప్పుడే తెలిసింది. రెండో పేపర్లో లెక్కలకు 20 మార్కులే. సైన్సుకు 35, సోషల్‌కు 35. మా దగ్గర అందరూ లెక్కల మీదే పడతారు, సోషల్ వదిలేస్తారు. సోషల్ సారు ఒక్కరు పూనుకుంటే ఎంత తేడా వస్తుందో ఫలితాల్లో కనపడుతుంది.

స్కాలర్‌షిప్ అందరికీ రాదు. వచ్చేవాళ్లు కొద్దిమందే. అయినా ఈ పని వదలకూడదంటాను. ఎందుకంటే దరఖాస్తు పెట్టే వంకతో ప్రతి పిల్ల కాగితాలూ ఎనిమిదిలోనే బయటికి వస్తాయి. అసలు పని ఇదే.

బడి రిజిస్టర్లో వీరేష్, ఆధార్‌లో ఈరేష్. రిజిస్టర్లో ఇంటిపేరు ఉంటుంది, ఆధార్‌లో ఉండదు. ఒకచోట జయమ్మ, ఇంకోచోట జయ్యమ్మ, బ్యాంకు పుస్తకంలో మూడో స్పెల్లింగ్. పుట్టిన తేదీ గుర్తులేక ఎవరో జనవరి 1 అని రాయించి ఉంటారు. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. పదో తరగతి నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, ఏ పేరు పోతుందో అదే మెమో మీద వస్తుంది. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం, పాస్‌పోర్ట్ అన్నిటికీ అదే ఆధారం. మెమో వచ్చాక మార్చాలంటే ఫైలు హైదరాబాద్ దాకా నడవాలి. కూలికి పోయే మనిషి ఆ ఫైలు వెంట ఎన్ని రోజులు తిరుగుతాడు? రెండేళ్ల ముందే చూసుకుంటే ఆధార్ సెంటర్‌కు ఒకసారి పోయివస్తే సరిపోతుంది. పదిహేనేళ్లు నిండిన పిల్లలు వేలిముద్రలు ఎలాగూ మళ్లీ ఇవ్వాలి. ఆ వెళ్లే రోజే పేరూ తేదీ సరిచేయించుకోమంటాను.

నా దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. ఒక్కో పిల్లకు ఒక పేజీ. రిజిస్టర్లో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు పక్కపక్కన రాస్తాను. మూడూ ఒకటైతే పచ్చ టిక్కు. కులం సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే ఉంటుంది. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం కొత్తది అడుగుతారు కాబట్టి మీసేవలో ఎప్పుడు పెట్టాలో తేదీ రాస్తాను. బ్యాంకు ఖాతా తెరిచి వదిలేస్తే రెండేళ్లు లావాదేవీ లేక ఆగిపోవచ్చు, సరిగ్గా డబ్బు పడాల్సినప్పుడు చిక్కవుతుంది. అప్పుడప్పుడూ యాభయ్యో వందో వేయమని చెబుతుంటాను. ఇంటర్ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఈ కాగితాలే అడుగుతారు. గ్రామాల్లో బీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి లక్షన్నర, ఎస్సీ ఎస్టీలకు అంతకంటే ఎక్కువ. సర్టిఫికెట్ మీద అంకె ఎంత పడిందో తల్లిదండ్రులు చదువుకోలేరు. అందుకని తేగానే నాకు చూపించమంటాను.

పది పరీక్షలు దగ్గరపడగానే ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఊళ్లోకి వస్తారు. ఫీజులో సగం తగ్గిస్తామంటారు, హాస్టల్ ఫొటోలు చూపిస్తారు. ఎన్ఎంఎంఎస్ వచ్చిన పిల్ల ప్రైవేటు కాలేజీలో చేరితే ఆ స్కాలర్‌షిప్ పోతుందని వాళ్లెవరూ చెప్పరు. పాలిటెక్నిక్‌కు పోయినా పోతుంది. అలాగని పాలిటెక్నిక్ వద్దని కాదు. మూడేళ్ల డిప్లొమా చేస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి పోవచ్చు, ముందే సంపాదన కావలసిన ఇంటికి అది మంచి దారి. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. రెండోది జరగకూడదని నా తాపత్రయం.

మాది సరిహద్దు జిల్లా కావడంతో ఇంకో చిక్కుంది. అలంపూర్ వైపు వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు. అయిజ, గట్టు వైపు వాళ్లకు రాయచూరు అందుబాటులో ఉంటుంది. బంధువులు ఉన్నారని పిల్లల్ని అక్కడి కాలేజీలో వేస్తారు. ఎంసెట్ సీట్లకు, అదే ఇప్పటి ఈఏపీసెట్‌కు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది లోకల్ లెక్కలో ముందు చూస్తారు. వంతెన దాటిన రెండేళ్లు కౌన్సెలింగ్ రోజున ఎదురొస్తాయి. ఈ విషయం పదయ్యాక చెబితే ఎవరూ వినరు, అప్పటికి అడ్వాన్సు కట్టేసి ఉంటారు. తొమ్మిదిలోనే చెప్పాలి.

బాసర ట్రిపుల్ ఐటీ సంగతీ అంతే. ఆరేళ్ల చదువు, విడిగా ఎంట్రన్స్ లేదు, పది మార్కుల మీదే సీటు. ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా కలిపి చూస్తారు. అది నిర్మల్ జిల్లాలో, రాష్ట్రానికి ఆ చివర. అంత దూరం ఆడపిల్లను పంపాలంటే ఇంట్లో టెన్షన్ పడతారు, పడటం సహజం. 2025లో మహబూబ్‌నగర్‌లో కూడా క్యాంపస్ మొదలయ్యాక ఆ మాట ఎత్తడం తేలికైంది.

ఇవన్నీ చెప్పినా, కాలేజీ అంటే ఏమిటో పిల్లలు చూసి ఉండరు. ఇంట్లో ఎవరూ పోలేదు కదా. అందుకని తొమ్మిదో తరగతి పిల్లల్ని గద్వాలలోని ఎంఏఎల్‌డీ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి తీసుకుపోతాం. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు, మగపిల్లలకు మేమే కొంటాం. కెమిస్ట్రీ ల్యాబులో నిలబడి బ్యూరెట్టు చూస్తారు, లైబ్రరీలో కూర్చుంటారు. అక్కడ మా ఊరి అమ్మాయి ఒకతి డిగ్రీ చదువుతోంది. పిల్లలు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న సబ్జెక్టుల గురించి కాదు. "అక్కా, క్రాసింగ్ టైంల నువ్వు ఎట్ల జేస్తవ్?" అని. ఆదివారాలు మాత్రం పోతానని చెప్పింది. ఆ జవాబు విన్నాక ఇద్దరు అమ్మాయిలు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు బైపీసీ మంచిదా ఎంపీసీ మంచిదా అని వాదించుకున్నారు.

గద్వాల, అయిజ, ధరూర్, మల్దకల్ వైపు నుంచి చదువుకుని బయట స్థిరపడ్డవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే ఒక్క కోరిక. మీ ఊరి బడిలో ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర ఒక పూట కూర్చుని ఆధార్, బ్యాంకు పుస్తకం, రిజిస్టర్ పేర్లు పోల్చి చూడండి. హెడ్మాస్టర్‌ను అడిగితే కాదనరు. స్కాలర్‌షిప్ వచ్చి ఇప్పుడు తొమ్మిది, పది, ఇంటర్‌లో ఉన్నవాళ్లు ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేసుకోవాలి, అది మరిచిపోయి ఆగిపోయినవాళ్లు ఉన్నారేమో కూడా అడగండి. క్రాసింగ్ మొదలయ్యేలోపు వెళ్తే పిల్లలందరూ దొరుకుతారు.